రెండు సెకన్ల ఖాళీ

ఆ మధ్య ఓ శనివారం రాత్రి నా సొంత లాప్‌టాప్ లేవడం మానేసింది. బటన్ నొక్కితే తయారుచేసినవాళ్ళ లోగో వస్తుంది. దాని కింద తెల్ల చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలుపెడతాయి. నాలుగైదు చుట్లు తిరిగాక నీలం రంగు తెర ఒకటి ఇలా మెరిసి అలా మాయమవుతుంది. మళ్ళీ లోగో, మళ్ళీ చుక్కలు, మళ్ళీ నీలం. గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతోంది పాపం.

ఆఫీసు లాప్‌టాప్ అయితే సపోర్టు వాళ్ళకి టికెట్ పెట్టేసి టీ తాగడానికి వెళ్ళిపోయేవాణ్ణి. ఇది నాది. పైగా ఇందులో మా తాతయ్య గొంతు ఉంది. ఆయన పోయే ముందు సంక్రాంతి సెలవుల్లో పక్కన కూర్చుని ఫోన్లో ఆరు గంటల పైచిలుకు రికార్డు చేశాను. తుఫాను కబుర్లు, ఎడ్ల బేరాలు, మా నాన్న చిన్నప్పటి వెధవ్వేషాలు. ఆ ఫోను తర్వాత పాడైపోయింది, ఫైళ్ళు లాప్‌టాప్‌లో మిగిలాయి. బ్యాకప్ లేదా అని మాత్రం అడక్కండి. పగలంతా ఇతరుల డేటాబేసులకి బ్యాకప్ ఉందో లేదో చూడ్డమే నా ఉద్యోగం. :)

ఆ రాత్రి ఏమైందో చివర్లో చెబుతాను. నన్ను అన్నిటికన్నా ఎక్కువ మండించింది ఏంటంటే, ఆ నీలం తెర మీద ఏం రాసుందో చదవడానికి నాకు టైము దొరక్కపోవడం. తప్పు జరిగింది. తప్పేంటో యంత్రానికి తెలుసు. తెర మీద రాసింది కూడా. నేను చదివేలోపు తుడిచేసింది. కంప్యూటర్ నిద్ర లేచే దారిలో మనిషి కలగజేసుకోవడానికి చోటు ఎప్పుడుండేది, ఎప్పుడు పోయింది అని తర్వాత తవ్వుకుంటూ పోతే చాలా వెనక్కే వెళ్ళాల్సొచ్చింది.

అసలు కంప్యూటర్ లేవడమే ఒక చిక్కుముడి. కరెంటు రాగానే మెమరీ ఖాళీ. ప్రోగ్రాములేమో డిస్కులో ఉన్నాయి. డిస్కులోంచి మెమరీలోకి తేవాలంటే, ఆ తెచ్చే ప్రోగ్రామొకటి ముందే మెమరీలో ఉండాలి. మరి దాన్నెవరు తెస్తారు? పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టు. తన బూట్ల పట్టీలు తానే పట్టుకుని తనను తానే పైకి లేపుకోవడం అని ఇంగ్లీషు వాళ్ళకో మాట ఉంది. అందులోంచి 'బూట్‌స్ట్రాప్' వచ్చింది. అది అరిగిపోగా మనకి 'బూట్' మిగిలింది.

ఈ ముడిని మొదట్లో విప్పింది మనిషి చెయ్యే. 1952లో వచ్చిన ఐబీఎం 701కి 'లోడ్' అని ఒక బటన్ ఉండేది. కార్డు రీడరా, టేపా, డ్రమ్మా అన్నది ఎంచుకుని బటన్ నొక్కితే, అందులోంచి మొట్టమొదటి ముక్క మెమరీలోకి వచ్చిపడేది. ఆ ముక్కలోని ఆదేశం మిగతా వాటిని లాక్కొచ్చేది.

ఇంకా ముచ్చటైనది ఆల్టెయిర్ 8800. 1975 జనవరి 'పాపులర్ ఎలక్ట్రానిక్స్' పత్రిక అట్ట మీద కనిపించిన యంత్రం. కీబోర్డు లేదు, తెర లేదు. డబ్బా ముందు వైపు ఒక వరస స్విచ్చులు, వాటిపైన ఎర్ర దీపాలు. అంతే. పేపర్ టేపు మీదున్న ప్రోగ్రాముని లోపలికి తేవాలంటే, ఆ టేపు చదివే చిన్న ప్రోగ్రాముని ముందు మీరే ఆ స్విచ్చులతో, ఒక్కో బైటుకి ఎనిమిది స్విచ్చుల చొప్పున, పైకీ కిందకీ తిప్పుతూ ఎక్కించాలి. కరెంటు పోయిందా, మళ్ళీ మొదట్నుంచి.

బిల్ గేట్స్, పాల్ ఆలెన్ దీనికోసం బేసిక్ రాశారని మనందరికీ తెలుసు. ఆల్టెయిర్‌ని కళ్ళతో చూడకుండానే, హార్వర్డ్‌లో ఉన్న పీడీపీ-10 మీద దాన్ని అనుకరించి రాశారు. పేపర్ టేపు పట్టుకుని ఆలెన్ ఒక్కడే అల్బుకర్కీకి విమానం ఎక్కాడు. విమానం దిగబోతుంటే గుర్తొచ్చింది, టేపుని లోపలికి చదివే బూట్ ప్రోగ్రాము రాయనే లేదని! అక్కడికక్కడ సీట్లో కూర్చుని కాగితం మీద మెషీన్ కోడ్‌లో రాశాడు. తర్వాత ఆ స్విచ్చులతో దాన్ని ఎక్కించి, టేపు పెట్టి, రెండూ రెండూ ఎంత అని అడిగితే నాలుగు అంది. మైక్రోసాఫ్ట్ కథలో గండం ఎక్కడుంది అంటే బేసిక్‌లో కాదు, ఆ బుల్లి బూట్ లోడర్‌లో ఉందని నేనంటాను. ప్రొడక్షన్‌కి వెళ్ళే రోజు పొద్దున్న కాన్ఫిగ్ ఫైలు మర్చిపోయామని గుర్తొచ్చిన వాళ్ళకి ఆయన బాధ అర్థమవుతుంది.

ఇదంతా ఎంత చాకిరీ అనిపిస్తుంది, నిజమే. కానీ ఆల్టెయిర్ ఆగిపోతే ఎక్కడ ఆగిందో ఆ ఎర్ర దీపాలు చూస్తే తెలిసేది. ఏ అడ్రసులో ఉంది, అక్కడ ఏముంది, రెండూ ముఖం మీదే. దాచడానికి దాని దగ్గర ఏమీ లేదు.

తర్వాతి మెట్టు బయోస్. ఆ పేరు పెట్టింది ఐబీఎం కాదు, సీపీ/ఎం రాసిన గ్యారీ కిల్డాల్. ఒక్కో కంపెనీ యంత్రం ఒక్కో రకంగా ఉంటే ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం తిరగరాయనక్కర్లేకుండా, హార్డ్‌వేర్‌తో మాట్లాడే భాగాన్ని విడిగా పెట్టాడు. 1981 ఆగస్టు 12న ఐబీఎం తన పీసీని ప్రకటించినప్పుడు ఆ భాగం రామ్‌లో కాకుండా రోమ్ చిప్‌లో శాశ్వతంగా కూర్చుంది. కరెంటు రాగానే 8088 ప్రాసెసర్ కళ్ళు మూసుకుని ఒక మెగాబైటుకి 16 బైట్లు తక్కువలో ఉన్న అడ్రసుకి పోతుంది. అక్కడ బయోస్ సిద్ధంగా ఉంటుంది. పిచ్చీ పెళ్ళీ రెండూ ఒకేసారి కుదిరాయన్నమాట.

ఆ బయోస్ చేసే మొదటి పని తన ఒళ్ళు తాను తడిమి చూసుకోవడం. దాన్నే పోస్ట్ అంటాం. మెమరీ బాగుందా, కీబోర్డు ఉందా... అన్నీ సరిగ్గా ఉంటే ఒక చిన్న బీప్. లేకపోతే వేరే రకం బీప్‌లు. ఒక పొడుగు, రెండు పొట్టి అంటే డిస్‌ప్లే గొడవ. తెరే పనిచెయ్యనప్పుడు తప్పుని తెర మీద రాస్తే ఎవరు చూస్తారు? అందుకని గొంతు. ఎంత చక్కటి ఆలోచనో చూడండి. మా చిన్నప్పుడు ఇంటికొచ్చిన మెకానిక్ క్యాబినెట్ మూత కూడా తీయకముందే, చెవి పెట్టి విని "ర్యామ్ అండీ" అనేవాడు. విప్పి, ర్యామ్ తీసి, పిల్లల పెన్సిల్ రబ్బరుతో దాని బంగారు పళ్ళు రుద్ది, మళ్ళీ గుచ్చేవాడు. లేచేది! రెండొందలు తీసుకునేవాడు. రబ్బరు మాదే. :)

ఐబీఎం పీసీలో నాకు ఇంకా నచ్చేవి రెండున్నాయి. ఒకటి, లేవడానికి డిస్కు దొరక్కపోతే అది చచ్చిపోయేది కాదు. రోమ్‌లోనే ఉన్న బేసిక్‌లోకి దిగి, ఏదో ఒకటి టైపు చెయ్యి నాయనా అని ప్రాంప్టు ఇచ్చేది. రెండు, బయోస్ సోర్సు కోడు మొత్తం, వ్యాఖ్యలతో సహా, ఐబీఎం టెక్నికల్ రిఫరెన్స్ పుస్తకంలో అచ్చువేసింది. కాపీ కొట్టడానికి కాదు, హక్కులు వాళ్ళవే. కానీ చదువుకోవడానికి ఉంది. ఈ రోజు మీ లాప్‌టాప్ తొలి క్షణంలో ఏం చేస్తుందో అలా పుస్తకం తెరిచి చదవగలరా?

బయోస్ తన పని అయ్యాక డిస్కులోని మొదటి 512 బైట్లు చదివి, వాటికి పగ్గాలు ఇచ్చేసేది. 1983లో పీసీ డాస్ 2.0తో హార్డ్ డిస్కు వచ్చాక ఆ 512 బైట్లలోనే నాలుగు పార్టిషన్ల పట్టికకి 64, చివర గుర్తుకి 2, పోగా కోడుకి మిగిలేది 446 బైట్లు. మొత్తం ప్రపంచంలోని పీసీలన్నీ దాదాపు ముప్ఫై ఏళ్ళు ఆ 446 బైట్ల సందులోంచే దూరి లేచాయి. నేను రాసే ఒక్కో లాగ్ లైను అంతకంటే పొడుగుంటుంది.

అంత ఇరుకులో కూడా మనిషి గురించి ఆలోచించినవాడు ఒకడున్నాడు. లినక్స్ తొలినాళ్ళ బూట్ లోడర్ లైలో, రాసింది వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్. మా సీనియర్ల తరం ఇంజనీరింగ్ హాస్టళ్ళలో రెడ్‌హ్యాట్ సీడీలతో కుస్తీ పట్టిన వాళ్ళకి ఇది బాగా తెలుసు. తప్పుకి వివరణ రాసేంత చోటు లేదు కదా, అందుకని ఆయన తన ప్రోగ్రాము పేరులోని నాలుగు అక్షరాలని వాడుకున్నాడు. ఒక్కో దశ దాటినప్పుడు ఒక్కో అక్షరం తెర మీద పడుతుంది. 'ఎల్' ఒక్కటే పడి ఆగిందంటే మొదటి దశ వచ్చింది గానీ రెండో దశని తేలేకపోయింది. 'ఎల్ఐ' దగ్గర ఆగితే రెండో దశ వచ్చింది గానీ నడవలేదు. 'ఎల్ఐఎల్' అయితే నడిచింది గానీ తనకి కావలసిన పట్టిక దొరకలేదు. నాలుగూ పడితే అంతా సవ్యం. పేరే ప్రోగ్రెస్ బారు, పేరే ఎర్రర్ మెసేజీ! ఇన్నేళ్ళ సాఫ్ట్‌వేర్‌లో నేను చూసిన అతి పొదుపైన లాగింగ్ ఇదే. లైలో అభివృద్ధి 2015 చివర్లో ఆగిపోయింది. దాని అక్షరాల లెక్క మాత్రం కొందరికి ఇంకా నోటికి వచ్చు.

ఆ ఇరుకు సందులోంచి దొంగలూ దూరారు. 1986లో లాహోర్ అన్నదమ్ములు బాసిత్, అమ్జాద్ ఫారూక్ అల్వీ వదిలిన బ్రెయిన్ వైరస్ ఫ్లాపీ బూట్ సెక్టారులో కాపురం పెట్టింది. అందులో వాళ్ళ షాపు అడ్రసూ, ఫోన్ నంబర్లూ కూడా రాసుకున్నారు, దొంగతనం చేసి విజిటింగ్ కార్డు వదిలి వెళ్ళినట్టు. తైవాన్ విద్యార్థి చెన్ ఇంగ్-హౌ రాసిన సీఐహెచ్ మాత్రం అంత సరదాది కాదు. 1999 ఏప్రిల్ 26న అది నిద్ర లేచి డిస్కు మొదటి మెగాబైటుని చెరిపేసింది, వీలు దొరికిన చోట బయోస్ చిప్‌లోనే చెత్త రాసేసింది. అంతకు ముందు బయోస్ రోమ్‌లో ఉండేది, ఎవరూ తాకలేరు. అప్‌డేట్ చేసుకునే సౌకర్యం కోసం దాన్ని తిరగరాయగల ఫ్లాష్ చిప్ చేశారు. ఆ సౌకర్యమే దొంగకీ దారైంది. అలా దెబ్బతిన్న యంత్రం లోగో దాకా కూడా రాదు. చిప్ పీకి వేరే చోట రాయించుకురావాలి.

ఇదెందుకు చెబుతున్నానంటే, తర్వాత వచ్చిన తాళాలన్నిటికీ కారణం ఇలాంటివే. ఊరికే మనల్ని ఏడిపించడానికి పెట్టలేదు.

ఇప్పుడు ఆ రెండు సెకన్ల సంగతికొద్దాం. డాస్ రోజుల్లో యంత్రం లేవకపోవడానికి పెద్ద కారణం కాన్ఫిగ్, ఆటోఎగ్జెక్ అనే రెండు ఫైళ్ళు. మౌసుకో డ్రైవరు, సీడీకో డ్రైవరు, మెమరీ మేనేజరు... వాటిల్లో ఒక్క లైను తప్పు రాస్తే యంత్రం మధ్యలో బిగుసుకుపోయేది. సరిదిద్దాలంటే లేవాలి, లేవాలంటే సరిదిద్దాలి. మళ్ళీ అదే పిచ్చి, అదే పెళ్ళి. బూట్ ఫ్లాపీ దాచుకున్నవాడు బుద్ధిమంతుడు. 1993లో ఎంఎస్-డాస్ 6.0లో మైక్రోసాఫ్ట్ ఒక చిన్న మార్పు చేసింది. 'స్టార్టింగ్ ఎంఎస్-డాస్' అన్న వాక్యం చూపించి, రెండు సెకన్లు ఊరికే ఆగుతుంది. ఆ రెండు సెకన్లలో ఎఫ్5 నొక్కితే ఆ రెండు ఫైళ్ళనీ పక్కన పెట్టి లేస్తుంది. ఎఫ్8 నొక్కితే కాన్ఫిగ్ ఫైల్లో ఒక్కో లైను దగ్గరా ఆగి, "ఇది చెయ్యనా?" అని అడుగుతుంది.

ఆలోచించండి. రోజుకి కోట్ల సార్లు ప్రపంచమంతా బూట్ అయ్యే సాఫ్ట్‌వేర్‌లో, ఎవరో ఒక ఇంజనీరు కావాలని రెండు సెకన్లు వృథా చేయించాడు. నూటికి తొంభైతొమ్మిది సార్లు ఎవరూ ఏమీ నొక్కరు. ఆ మిగిలిన ఒక్కసారి కోసం అందరూ రెండు సెకన్లు కట్టారు. వద్దనుకునే వాళ్ళకి స్విచెస్ అనే లైనుకి ఒక ఎఫ్ తగిలిస్తే ఆ ఆగడం పోయేది. అంటే తేల్చుకునేది వాడేవాడే. నాకిది మర్యాదగా అనిపిస్తుంది. గుమ్మం దాటబోయే ముందు "తలుపేసేస్తున్నా, ఏమన్నా మర్చిపోయారా?" అని అడిగినట్టు.

విండోస్ 95లో ఆ ఎఫ్8 మెనూలోకి సేఫ్ మోడ్ వచ్చింది. అత్యవసరమైన డ్రైవర్లు మాత్రమే, పదహారు రంగులు, నాలుగు మూలలా ఆ పేరు. ఎక్స్‌పీ నాటికి 'చివరిసారి బాగా పనిచేసిన కాన్ఫిగరేషన్' కూడా ఆ మెనూలో ఉంది. అదే ఎక్స్‌పీలో ఇంకో మార్పూ జరిగింది. క్రాష్ అయితే మామూలుగా దానంతటదే రీస్టార్ట్ అయిపోతుంది. నా నీలం తెర మెరిసి మాయమవడానికి మూలం అక్కడుంది. అది ఆగి నిలబడాలంటే ఎఫ్8 మెనూలోనే 'క్రాష్ అయితే రీస్టార్ట్ చెయ్యొద్దు' అన్నది ఎంచుకోవాలి. ఎంచుకోవాలంటే ఎఫ్8 నొక్కాలి.

2012లో విండోస్ 8 వచ్చింది. ఎస్ఎస్‌డీలు వచ్చాయి, యూఈఎఫ్ఐ వచ్చింది. ఈ యూఈఎఫ్ఐ ఇంటెల్ 1990ల్లో ఇటానియం కోసం మొదలుపెట్టి, 2005లో అందరి ఫోరంకి అప్పగించినది. పాత 446 బైట్ల సందు పోయి రాజమార్గం వచ్చింది, రెండు టెరాబైట్లు దాటిన డిస్కుల నుంచి కూడా లేవడం కుదిరింది, సెక్యూర్ బూట్‌తో బ్రెయిన్ లాంటి వాటికి తలుపు మూసుకుంది. మంచిదే. బూట్ ఏడు సెకన్లలోకి దిగింది. అప్పుడు మైక్రోసాఫ్ట్ వాళ్ళే ఆ మేలో ఓ వ్యాసంలో వివరంగా రాశారు. ఎఫ్8 వినడానికి విండోస్ 8కి మిగిలిన వ్యవధి 200 మిల్లీసెకన్ల కంటే తక్కువ. మా ఆఫీసులో ఎవరు వేగంగా నొక్కగలరో చూస్తే, నిలకడగా నొక్కగలిగినవాళ్ళకి కూడా ఒక్కో నొక్కుకి 250 మిల్లీసెకన్లు పట్టింది అని. అంటే మనిషి వేలికి అందదు. పరిష్కారం? ఎఫ్8ని మామూలుగా పనిచెయ్యకుండా ఆపేశారు. దానికి బదులు, వరసగా రెండు మూడు సార్లు లేవలేకపోతే యంత్రమే తనంతట తాను మరమ్మతు తెరలోకి వెళుతుంది.

నిజాయితీగా చెప్పాలంటే ఆ నిర్ణయం తెలివితక్కువది కాదు. బూట్ ఆలస్యమని తిట్టింది మనమే. పన్నెండేళ్ళపాటు ఆ ఏర్పాటు ఎక్కువమందికి బాగానే పనిచేసింది కూడా. నా అభ్యంతరం ఒక్కటే. డాస్ వాళ్ళు మనిషి కోసం యంత్రాన్ని ఆపారు. వీళ్ళు మనిషి ఆలస్యంగా ఉన్నాడని మనిషినే తప్పించారు. ఎప్పుడు సాయం కావాలో యంత్రమే తేలుస్తుంది అన్నారు. (పనిలో పని, ఇంకో మాట. విండోస్ 8 నుంచి మామూలు షట్‌డౌన్ అసలైన షట్‌డౌన్ కాదు. వేగం కోసం లోపలి కెర్నెల్ స్థితిని డిస్కులో దాచిపెట్టి పడుకుంటుంది. గొడవ ఉన్నప్పుడు రీస్టార్ట్ కొడితేనే అంతా కొత్తగా మొదలవుతుంది. ఇంట్లో వాళ్ళకి ఫోన్లో సాయం చేసేటప్పుడు గుర్తుంచుకోండి.)

2024 జులై 19, శుక్రవారం. మన టైము పొద్దున్న 9:39కి క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సంస్థ తన సాఫ్ట్‌వేర్‌కి ఒక చిన్న కంటెంట్ ఫైలు పంపింది. 21 విలువలు ఉండాల్సిన చోట లోపలి ప్రోగ్రాము 20 మాత్రమే ఇచ్చింది. ఇరవై ఒకటోది చదవబోయి, తనది కాని మెమరీలో చెయ్యి పెట్టింది. మామూలు ప్రోగ్రాము అయితే అదొక్కటీ చచ్చేది. ఇది కెర్నెల్లో ఉండే డ్రైవరు, విండోస్ మొత్తం పడిపోయింది. పైగా అది బూట్‌తో పాటే లేచే డ్రైవరు. వైరస్ కన్నా ముందు కాపలావాడు లేవాలి కదా, అందుకని. కాపలావాడు లేవగానే ఆ ఫైలు చదువుతాడు, పడతాడు, ఇంటినీ పడేస్తాడు. రీస్టార్ట్. మళ్ళీ చదువుతాడు. 10:57కల్లా ఫైలుని వెనక్కి తీసుకున్నారు. కానీ అప్పటికే పడిపోయిన యంత్రానికి ఆ సంగతి తెలియాలంటే నెట్‌వర్క్ లేచేదాకా బతికుండాలి.

మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల యంత్రాలు. ఎయిర్‌పోర్టుల్లో తెరలన్నీ నీలం. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్ళే ఇండిగో విమానానికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో మీరూ చూసే ఉంటారు. మా ఆఫీసులో ఆ సాఫ్ట్‌వేర్ లేదు కాబట్టి ఆ రోజు మేం గట్టున కూర్చుని చూశాం. వైద్యం ఏంటో తెలుసా? సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి, 291 అంకె ఉన్న ఆ ఫైలు చెరిపెయ్యడం. అంతే. ఒక్క నిమిషం పని. కానీ ఆ సేఫ్ మోడ్‌లోకి వెళ్ళడమెలా? ఎఫ్8 లేదు. మూడు సార్లు పడనిచ్చి, మరమ్మతు తెర వచ్చేదాకా ఆగి, నాలుగు మెనూలు దాటితే, అక్కడ డిస్కు తాళం 48 అంకెల కీ అడుగుతుంది. ఒక్కో యంత్రం దగ్గరికి ఒక్కో మనిషి నడిచి వెళ్ళి, ఆ 48 అంకెలు టైపు చేశాడు. 1993లో రెండు సెకన్లూ, ఒక మీటా సరిపోయేవి.

అలాగని తాళాన్ని తప్పుపట్టను. విస్టాతో 2007లో వచ్చిన బిట్‌లాకర్ లేకపోతే, రైల్లో పోగొట్టుకున్న నా లాప్‌టాప్ డిస్కు విప్పి ఎవడైనా చదివేస్తాడు. తాళం ఉండాలి. తాళంచెవి ఎక్కడుందో యజమానికి తెలిసుండాలి, అంతే.

నాకు తెలీదు! అసలు కథ ఇక్కడికొచ్చింది. ఆ శనివారం రాత్రి ముందు చేయాల్సినవి చేశాను. చార్జరు, మౌసు, అన్నీ పీకేశాను. పవర్ బటన్ ముప్ఫై సెకన్లు నొక్కి పట్టుకున్నాను. వెనక మూత విప్పి ర్యామ్ తీసి పెట్టాను (రబ్బరుతో రుద్దాను కూడా, పాత నమ్మకం). మార్పు లేదు. లోగో వచ్చింది కాబట్టి పోస్ట్ దాటింది. చుక్కలు తిరిగాయి కాబట్టి బూట్ లోడర్ తన పని చేసి కెర్నెల్‌కి అప్పగించింది. మధ్యలో పడుతోంది కాబట్టి అనుమానం డ్రైవర్ల మీద. లైలో అక్షరాల్లాంటి లెక్కే, కాకపోతే అక్షరాలు మనమే ఊహించుకోవాలి.

నీలం తెర చదవడం ఎలా? మా రూమ్మేట్ నిద్రమొహంతో వచ్చి, "స్లోమోషన్‌లో వీడియో తియ్యరా" అన్నాడు. ఫోను నిలబెట్టి తీశాం. ఒక్కో ఫ్రేమూ జరుపుకుంటూ పోతే మూడు ఫ్రేముల్లో స్పష్టంగా కనిపించింది, ఫలానా ఫైలు వల్ల అని. ఎప్పుడో పాత ప్రాజెక్టు కోసం వేసుకున్న ఓ వీపీఎన్ సాఫ్ట్‌వేర్ తాలూకు డ్రైవరు. మనిషి కంటికి అందనిది చదవడానికి ఇంకో కంప్యూటర్ కావాల్సొచ్చింది.

దొంగ దొరికాడు. ఇల్లు తాళం వేసుంది. మరమ్మతు తెర 48 అంకెలు అడిగింది. అవి ఏ అకౌంట్లో దాచి ఉన్నాయో ఆ అకౌంటు నేను కాలేజీ మెయిల్‌తో తెరిచింది. కొత్త చోట నుంచి లాగిన్ అవుతున్నావు, మెయిల్‌కి కోడ్ పంపాం అంది. ఆ మెయిల్ చదువైన ఏడాదికే మూసేశారు. అర్ధరాత్రి ఒంటిగంట. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

అప్పుడు గుర్తొచ్చింది జులై 19 తర్వాత జనం ఒకరికొకరు చెప్పుకున్న చిట్కా. తాళం వేసింది డిస్కులోని పెద్ద భాగానికి. ఎలా లేవాలి అన్న చీటీ ఉండేది పక్కనున్న చిన్న భాగంలో, దానికి తాళం లేదు. కీ అడిగినప్పుడు 'ఈ డ్రైవుని వదిలెయ్' అని చెప్పి, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, బీసీడీ ఎడిట్‌తో ఆ చీటీలో 'ఈసారి సేఫ్ మోడ్‌లో లే' అని రాసి రీస్టార్ట్ చేస్తే చాలు. సేఫ్ మోడ్ కూడా అదే విండోసు, అదే లోడరు. లోపలి టీపీఎం చిప్ తనకి తెలిసినవాళ్ళే వచ్చారని చూసి, కీ తానే ఇచ్చేస్తుంది. ఇందులో దొంగతనమేమీ లేదు, ఆ తర్వాత లాగిన్ పాస్‌వర్డ్ ఎలాగూ అడుగుతుంది.

అడిగింది. రోజూ నాలుగంకెల పిన్ కొట్టేవాడికి అసలు పాస్‌వర్డ్ గుర్తుంటుందా? మూడోసారికి తగిలింది. నల్ల తెర, నాలుగు మూలలా సేఫ్ మోడ్. 1995 నాటి మొహంతోనే పలకరించింది. ఆ డ్రైవరు ఫైలు పేరు మార్చి, చీటీలో రాసినది తీసేసి, రీస్టార్ట్ చేశాను. చుక్కలు నాలుగు చుట్లు తిరిగాయి. ఐదో చుట్టు కూడా తిరిగాయి. లేచింది.

ఆ క్రౌడ్‌స్ట్రైక్ గొడవ తర్వాత మైక్రోసాఫ్ట్ ఏం చేసిందో కూడా చెప్పాలి. పదే పదే పడిపోయే యంత్రం మరమ్మతు తెరలోంచే నెట్‌వర్క్ ఎక్కి తన మందు తానే తెచ్చుకునే ఏర్పాటుని 2024 నవంబరులో ప్రకటించి, 2025లో తెచ్చారు. బాగుంది. అదే 2025లో నీలం తెరని నల్లగా మార్చారు. దాంతోపాటు, అనుకోకుండా రీస్టార్ట్ అయినప్పుడు పట్టే సమయాన్ని ఎక్కువమందికి రెండు సెకన్లకి తగ్గించామని గర్వంగా చెప్పారు. చూశారా, మళ్ళీ రెండు సెకన్లే. అప్పట్లో మనం చదువుకోవడానికి, ఇప్పుడు చదివేలోపు అయిపోవడానికి.

తెల్లారేలోపు తాతయ్య ఫైళ్ళని రెండు చోట్లకి కాపీ చేశాను. తాళంచెవి 48 అంకెలూ కాగితం మీద రాసి పదో తరగతి మార్కుల లిస్టుతో పాటు ఫైల్లో పెట్టాను. అకౌంటుకి బతికున్న మెయిల్ జతచేశాను. ఆఖర్న బీసీడీ ఎడిట్ మళ్ళీ తెరిచి బూట్ మెనూ పాలసీని లెగసీ అని మార్చాను. ఎఫ్8 వెనక్కొచ్చింది. నాలుగుసార్లు రీస్టార్ట్ చేసి, నాలుగుసార్లూ నొక్కి చూశాను. పక్క మంచం మీంచి రూమ్మేట్ "ఇంకా లేవలేదేంట్రా అది?" అన్నాడు.